1968: పిచ్చర్లు ఏలిన ఏడాది

1968 డిసెంబరులో అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్ నిబంధనల కమిటీ రెండు నిర్ణయాలు తీసుకుంది. పిచ్చర్ నిలబడి బంతి విసిరే మట్టిదిబ్బ ఎత్తును 15 అంగుళాల నుంచి 10 అంగుళాలకు తగ్గించింది. బ్యాటర్ తప్పనిసరిగా ఆడవలసిన హద్దును, అంటే స్ట్రైక్ జోన్‌ను, పైనా కిందా కుదించింది. ఆట పుట్టి స్థిరపడి దాదాపు వందేళ్లయ్యాక ఒకే సీజన్ ఫలితాలను చూసి ఇంత తొందరగా నియమాలు మార్చిన సందర్భాలు అరుదు. దానికి కారణమైన 1968 సీజన్‌కు అమెరికన్లు పెట్టుకున్న పేరు ‘పిచ్చర్ల సంవత్సరం’. ఆ పేరు సరైనదే. అయితే ఆ ఏడాది జరిగినదానికంతటికీ మట్టిదిబ్బే కారణమన్న అభిప్రాయం కూడా అప్పటి నుంచే స్థిరపడిపోయింది. దాన్ని మాత్రం పరిశీలించకుండా ఒప్పుకోవడం కష్టం.

క్రికెట్ ఎరిగిన పాఠకులకు ముందుగా ఒక తేడా చెప్పాలి. క్రికెట్‌లో బౌలర్ పరుగెత్తుకుంటూ వచ్చి బంతిని నేలకు తగిలేలా వేస్తాడు. పిచ్ స్వభావం అతడికి సాయపడుతుంది లేదా మొండికేస్తుంది. బేస్‌బాల్‌లో బంతి నేలను తాకదు. పిచ్చర్ 60 అడుగుల 6 అంగుళాల దూరంలో, మట్టితో గట్టిగా కట్టిన చిన్న దిబ్బ మీద నిలబడి, ఒక్క అడుగు ముందుకు వేసి బంతిని గాలిలోనే పంపుతాడు. ఆ దిబ్బ ఎంత ఎత్తుంటే బంతి అంత వాలుగా కిందికి దిగుతుంది. బ్యాట్ దాదాపు అడ్డంగా ఊగుతుంది కాబట్టి, పైనుంచి వాలుతూ వచ్చే బంతి బ్యాట్ మార్గంలో ఉండే క్షణం తగ్గిపోతుంది. దీనికి తోడు దిబ్బ మీంచి కిందికి అడుగు వేసే పిచ్చర్‌కు శరీరం బరువంతా బంతి వెనుక చేరుతుంది.

ఆ సీజన్ మొత్తంలో రెండు లీగుల (అమెరికన్, నేషనల్) బ్యాటింగ్ సగటు 0.237. అంటే వెయ్యి అవకాశాలకు 237 సార్లు మాత్రమే బ్యాటర్ బంతిని కొట్టి క్షేమంగా బేస్ (పరుగు కోసం వరుసగా తాకవలసిన నాలుగు మూలల్లో ఒకటి) చేరగలిగాడు; దాన్నే హిట్ అంటారు. మేజర్ లీగుల చరిత్రలో ఇంతకన్నా తక్కువ సగటు మరొకటి లేదు. ఒక జట్టు ఒక ఆటలో చేసిన సగటు పరుగులు 3.42. అమెరికన్ లీగ్‌లో 0.300 దాటిన బ్యాటర్ ఒకే ఒక్కడు, బోస్టన్ రెడ్ సాక్స్ ఆటగాడు కార్ల్ యాస్ట్రెంస్కీ. అతడి సగటు 0.301. లీగ్ బ్యాటింగ్ కిరీటం అంత తక్కువ సగటుకు దక్కడం అంతకు ముందూ లేదు, ఆ తర్వాతా లేదు. దశాబ్దాల పాటు భారీ హిట్టింగ్‌కు పేరుపడ్డ న్యూయార్క్ యాంకీస్ జట్టు సగటు 0.214కి పడిపోయింది. వారి మహా బ్యాటర్ మికీ మాంటిల్ చివరి సీజన్ కూడా అదే. గాయాలతో మోకాళ్లు కదలని ఆ వయసులో అతడు సాధించిన సగటు సరిగ్గా 0.237. చరిత్రలోని మేటి హిట్టర్లలో ఒకడు, వెళ్లిపోయే ఏడాది, లీగ్‌లో సాధారణ ఆటగాడితో సమానమయ్యాడు.

ఏప్రిల్ 15న హ్యూస్టన్ ఆస్ట్రోడోమ్‌లో న్యూయార్క్ మెట్స్, హ్యూస్టన్ ఆస్ట్రోస్ ఆడిన ఆట, మామూలుగా తొమ్మిది ఇన్నింగ్స్‌తో ముగియాల్సింది, 24 ఇన్నింగ్స్ సాగింది. ఆరు గంటలకు పైగా ఆడాక వచ్చిన ఏకైక పరుగు కూడా ఒక ఫీల్డర్ కాళ్ల మధ్య నుంచి బంతి దూసుకుపోవడం వల్ల వచ్చింది. మే 8న ఓక్లాండ్ పిచ్చర్ క్యాట్‌ఫిష్ హంటర్ మినెసోటా బ్యాటర్లలో ఒక్కరినీ బేస్ చేరనివ్వకుండా వరుసగా 27 ఔట్లు చేసి ‘పర్ఫెక్ట్ గేమ్’ సాధించాడు. అమెరికన్ లీగ్ మామూలు సీజన్‌లో అది 1922 తర్వాత మొదటిది. జులైలో జరిగిన ఆల్‌స్టార్ ఆటలో, అంటే రెండు లీగుల మేటి బ్యాటర్లంతా ఒకచోట చేరిన ఆటలో, ఫలితం 1-0. సెప్టెంబరు 17న శాన్‌ఫ్రాన్సిస్కోలో గేలార్డ్ పెర్రీ ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా సెయింట్ లూయిస్ కార్డినల్స్‌ను ఓడించాడు. మరుసటి రోజే అదే మైదానంలో కార్డినల్స్ పిచ్చర్ రే వాష్‌బర్న్ అదే ఘనతను పెర్రీ జట్టు మీద సాధించాడు. బేస్‌బాల్‌లో జట్టు గెలుపోటములను పిచ్చర్ పేరిట కూడా లెక్కిస్తారు. ఆ లెక్కలో షికాగో కబ్స్ పిచ్చర్ ఫెర్గీ జెంకిన్స్ కథ మరీ బాధాకరం. అతడు ఆ ఏడాది అయిదు ఆటలను 1-0 తేడాతో ఓడిపోయాడు.

డెట్రాయిట్ టైగర్స్ పిచ్చర్ డెన్నీ మెక్లెయిన్ 31 ఆటలు గెలిచాడు. 1934లో డిజీ డీన్ తర్వాత ఏ పిచ్చరూ ఒక సీజన్‌లో 30 గెలుపులు చూడలేదు, మెక్లెయిన్ తర్వాత కూడా చూడలేదు. లాస్‌ ఏంజెలెస్ డాడ్జర్స్ పిచ్చర్ డాన్ డ్రైస్‌డేల్ మే, జూన్ నెలల్లో వరుసగా ఆరు ఆటల్లో ప్రత్యర్థికి పరుగే ఇవ్వలేదు. మొత్తం 58 ఇన్నింగ్స్, ఆపైన ఇద్దరు బ్యాటర్ల ఔట్ల దాకా ఆ పరంపర కొనసాగింది. ఆ రికార్డు 20 ఏళ్లు నిలిచి 1988లో ఒరెల్ హెర్షైజర్ చేతిలో బద్దలైంది. ఇందులో ఒక వివాదం కూడా ఉంది. మే 31న బేసులన్నీ నిండి ఉన్నప్పుడు డ్రైస్‌డేల్ విసిరిన బంతి బ్యాటర్ డిక్ డీట్జ్‌కు తగిలింది. నియమం ప్రకారం అతడికి బేస్, ప్రత్యర్థికి పరుగు రావాలి. కానీ అతడు తప్పించుకునే ప్రయత్నం చేయలేదని అంపైర్ హ్యారీ వెండెల్‌స్టెట్ తీర్పు చెప్పాడు. పరుగు రాలేదు, పరంపర ఆగలేదు.

ఇక బాబ్ గిబ్సన్. ఆ ఏడాదికి ఎవరి ముఖం పెట్టాలన్నా అతడి ముఖమే పెట్టాలి.

ఒమాహాలో పేద కుటుంబంలో పుట్టి, బాల్యంలో జబ్బులతో పోరాడిన నల్లజాతి ఆటగాడు గిబ్సన్. సెయింట్ లూయిస్ కార్డినల్స్ తరఫున 1968లో అతడి ఎర్న్డ్ రన్ యావరేజ్ 1.12. అంటే ఫీల్డర్ల పొరపాట్ల వల్ల వచ్చినవి తీసేస్తే, తొమ్మిది ఇన్నింగ్స్‌కు అతడు ఇచ్చిన సగటు పరుగులు ఒకటికి కాస్త ఎక్కువ. 1920 తర్వాత ఆధునిక యుగంలో పూర్తి సీజన్ ఆడిన పిచ్చర్లలో అంతకన్నా తక్కువ సగటు ఎవరికీ లేదు. 34 ఆటలు మొదలుపెట్టి 28 ఆటలను చివరిదాకా తానే ముగించాడు. అందులో 13 ఆటల్లో ప్రత్యర్థికి ఒక్క పరుగూ దక్కలేదు. జూన్‌లో వరుసగా అయిదు ఆటలు అలా గెలిచాడు. 304 ఇన్నింగ్స్‌కు పైగా విసిరాడు. నేటి పిచ్చర్లు ఒక సీజన్‌లో 200 ఇన్నింగ్స్ దాటితేనే గొప్పగా చెప్పుకుంటారు.

ఇంత చేసినా అతడు 9 ఆటలు ఓడిపోయాడు. ఆ ఏడాది స్వభావం ఈ ఒక్క అంకెలోనే తెలుస్తుంది. అతడి జట్టుకూ పరుగులు రాలేదు. గేలార్డ్ పెర్రీ ఒక్క హిట్ ఇవ్వని ఆటలో అవతలి వైపు విసిరింది గిబ్సనే. మొదటి ఇన్నింగ్స్‌లో రాన్ హంట్ కొట్టిన ఒకే ఒక్క హోమ్ రన్‌తో ఆ ఆట 1-0గా చేజారింది.

అక్టోబరు 2న వరల్డ్ సిరీస్, అంటే రెండు లీగుల విజేతల మధ్య ముందుగా నాలుగు ఆటలు గెలిచినవారిదయ్యే తుది పోరు, మొదటి ఆటలో 31 గెలుపుల మెక్లెయిన్‌కు ఎదురుగా గిబ్సన్ దిగాడు. డెట్రాయిట్ బ్యాటర్లను 17 సార్లు స్ట్రైకౌట్ చేశాడు, అంటే మూడేసి స్ట్రైక్‌లతో బంతిని ఆడనివ్వకుండానే ఔట్ చేశాడు. 1963లో శాండీ కోఫాక్స్ నెలకొల్పిన 15 స్ట్రైకౌట్ల వరల్డ్ సిరీస్ రికార్డును దాటిన ఆ అంకె నేటికీ చెక్కుచెదరలేదు. చివరి ఇన్నింగ్స్‌లో అతడు స్ట్రైకౌట్ చేసినవారు ఎవరో తక్కువవారు కారు: ఆల్ కేలైన్, నార్మ్ క్యాష్, విల్లీ హార్టన్.

ఆ సిరీస్‌ను అంకెలతో మాత్రమే చూస్తే సగమే అర్థమవుతుంది. 1967 జులైలో డెట్రాయిట్ నగరం తగలబడింది. జాతి వివక్ష, పోలీసుల తీరు మీద రగిలిన ఆగ్రహం అయిదు రోజుల హింసగా మారి 43 మంది ప్రాణాలు తీసింది. అదే నగరంలో పెరిగిన టైగర్స్ ఆటగాడు విల్లీ హార్టన్ ఆట ముగిసిన వెంటనే జట్టు దుస్తుల్లోనే వీధిలోకి వెళ్లి, కారు మీదికెక్కి జనాన్ని శాంతించమని వేడుకున్నాడు. ఆ ఏడాది టైగర్స్ లీగ్ టైటిల్‌ను సీజన్ చివరి రోజున కోల్పోయారు. 1968 ఏప్రిల్ 4న మెంఫిస్‌లో మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగింది. అంత్యక్రియలు ఏప్రిల్ 9న. సీజన్ అంతకు ముందే మొదలు కావలసి ఉండగా, పిట్స్‌బర్గ్ ఆటగాళ్లు రాబర్టో క్లెమెంటే, మౌరీ విల్స్ నాయకత్వంలో అంత్యక్రియలు పూర్తయ్యేదాకా మైదానంలోకి దిగబోమని తేల్చిచెప్పారు. చివరికి సీజన్ ప్రారంభం ఏప్రిల్ 10కి వాయిదా పడింది.

సీజన్ మొదలై రెండు నెలలు తిరగకుండానే సెనేటర్ రాబర్ట్ కెనెడీ హత్య. జూన్ 4 రాత్రి లాస్‌ ఏంజెలెస్‌లో ఎన్నికల విజయ ప్రసంగం మొదట్లోనే ఆయన డాన్ డ్రైస్‌డేల్‌ను అభినందించారు. డ్రైస్‌డేల్ ఆరో షటౌట్ (ప్రత్యర్థికి పరుగే ఇవ్వని ఆట) ముగిసింది ఆ సాయంత్రమే. కొద్ది నిమిషాల తర్వాత ఆయన మీద కాల్పులు జరిగాయి. అంత్యక్రియల రోజు ఆట ఆడాలా వద్దా అన్న నిర్ణయాన్ని కమిషనర్ విలియం ఎకర్ట్ జట్లకే వదిలేశాడు. కొన్ని జట్లు ఆడాయి, కొన్ని మానేశాయి. ఆడబోమన్న కొందరు ఆటగాళ్లకు వారి యాజమాన్యాలు జరిమానాలు వేశాయి. ఏడాది ముగిసేలోగా ఎకర్ట్‌ను యజమానులే పదవి నుంచి తప్పించారు. ఆటను దేశం నుంచి వేరుచేసి చూడాలని ఆ యజమానులు ఎంత కోరుకున్నా ఆ ఏడాది అది సాధ్యం కాలేదు.

అక్టోబరులో టైగర్స్ 3-1 తేడాతో వెనుకబడ్డారు. అయిదో ఆట డెట్రాయిట్‌లో. అందులో కార్డినల్స్ 3-2 ఆధిక్యంలో ఉండగా వారి మెరుపు వేగపు ఆటగాడు లూ బ్రాక్ రెండో బేస్ నుంచి హోమ్‌కు, అంటే పరుగు పూర్తయ్యే చోటికి, పరుగెత్తాడు. ఎడమ వైపు నుంచి హార్టన్ విసిరిన బంతి నేరుగా క్యాచర్ బిల్ ఫ్రీహాన్ చేతికి వచ్చింది. బ్రాక్ నేలమీద జారకుండా నిలబడే వచ్చాడు. ఔట్. సిరీస్ ఎక్కడ మలుపు తిరిగిందని అడిగితే ఈ క్షణాన్నే చూపించాలి. ఆ ఆటను టైగర్స్ 5-3తో, ఆరో ఆటను 13-1తో గెలిచారు.

ఏడో ఆట అక్టోబరు 10న సెయింట్ లూయిస్‌లో. గిబ్సన్‌కు ఎదురు నిలిచింది మెక్లెయిన్ కాదు, మికీ లోలిచ్. ఏడాదంతా మెక్లెయిన్ నీడలో ఉండిపోయిన ఈ ఎడమచేతి పిచ్చర్ రెండే రోజుల విశ్రాంతితో వచ్చాడు. ఆరు ఇన్నింగ్స్ దాకా పరుగులు లేవు. అప్పటిదాకా గిబ్సన్ ఇచ్చింది ఒకే హిట్. ఏడో ఇన్నింగ్స్‌లో ఇద్దరు ఔటయ్యాక క్యాష్, హార్టన్ వరుసగా హిట్లు కొట్టారు. తర్వాత జిమ్ నార్తరప్ సెంటర్ ఫీల్డ్ వైపు బలంగా కొట్టాడు. అక్కడున్నది కర్ట్ ఫ్లడ్, ఆ రోజుల్లో ఆ స్థానంలో అతణ్ని మించినవారు తక్కువ. బంతి గమనాన్ని తప్పుగా అంచనా వేసి మొదట ముందుకు ఒక అడుగు వేశాడు, వెనక్కి తిరిగేసరికి కాలు జారింది, బంతి తలమీదుగా వెళ్లిపోయింది. రెండు పరుగులు వచ్చాయి. ఆట 4-1తో, సిరీస్ 4-3తో డెట్రాయిట్ వశమయ్యాయి. మూడు ఆటలు గెలిచి మూడింటినీ చివరిదాకా తానే విసిరిన లోలిచ్ సిరీస్‌లో మేటి ఆటగాడయ్యాడు.

అదే ఫ్లడ్‌ను ఏడాది తర్వాత కార్డినల్స్ ఫిలడెల్ఫియాకు ఇచ్చేసింది. తాను అమ్ముడుపోయే వస్తువును కానని కమిషనర్‌కు రాసి, ఆటగాణ్ని జీవితాంతం ఒకే యజమానికి కట్టిపడేసే నిబంధన మీద అతడు కోర్టుకెక్కాడు. 1972లో సుప్రీంకోర్టులో ఓడిపోయాడు. 1975 చివరలో మధ్యవర్తి పీటర్ సైట్జ్ మరో ఇద్దరు ఆటగాళ్ల వివాదంలో ఇచ్చిన తీర్పుతో ఆ నిబంధన కూలింది. ఒక్క పొరపాటుతో ఫ్లడ్‌ను గుర్తుపెట్టుకోవడం అన్యాయం. నేటి ఆటగాళ్లు కోట్ల డాలర్ల ఒప్పందాలు కుదుర్చుకునే స్వేచ్ఛకు మొదట మూల్యం చెల్లించినవాడు అతడే.

మళ్లీ మట్టిదిబ్బ దగ్గరికి వద్దాం. యజమానుల ఆందోళనకు కారణముంది. మైదానాలకు వచ్చేవారు తగ్గారు. టీవీలో అమెరికన్ ఫుట్‌బాల్ ఆదరణ ఏటేటా పెరుగుతోంది. బేస్‌బాల్ నెమ్మదిగా, విసుగ్గా ఉందన్న మాట పత్రికల్లో వినిపించింది. పరుగులు పెంచడానికి వారికి కనిపించిన దగ్గరి దారి దిబ్బ ఎత్తు తగ్గించడం.

కానీ 15 అంగుళాల దిబ్బ 1968లో కొత్తగా వచ్చింది కాదు. 1950 నుంచి నియమం అదే. ఆ ఎత్తు మీంచే విసురుతున్నా 1950ల్లో హోమ్ రన్లు ధారాళంగా వచ్చాయి, 1961లో రోజర్ మారిస్ 61 హోమ్ రన్లు కొట్టాడు. కాబట్టి దిబ్బ ఒక్కటే దోషి అయ్యే అవకాశం లేదు. అసలు మార్పు 1963లో వచ్చింది. మారిస్ విజృంభణ తర్వాత బ్యాటర్ల జోరు ఎక్కువైందని భయపడి, చంక నుంచి మోకాలి పైభాగం దాకా ఉన్న స్ట్రైక్ జోన్‌ను భుజం పైభాగం నుంచి మోకాలి కిందిదాకా పెంచారు. 1962లో ఒక జట్టుకు ఒక ఆటలో 4.46గా ఉన్న సగటు పరుగులు 1963లో 3.95కి పడిపోయాయి. తర్వాతి మూడేళ్లు కాస్త అటూ ఇటూగా అక్కడే ఉండి, ఆపైన మళ్లీ జారాయి. 1968 సంక్షోభాన్ని సృష్టించింది నియమాలు రాసినవారే. అయిదేళ్ల కిందట తాము వేసిన ముడిని తామే విప్పుకున్నారు.

ఇతర కారణాలూ కలిశాయి. 1960ల్లో కట్టిన డాడ్జర్ స్టేడియం, షే స్టేడియం, ఆస్ట్రోడోమ్, కొత్త బుష్ స్టేడియం పిచ్చర్లకు అనుకూలమైన విశాల మైదానాలు. పాత మైదానాల్లో గోడ దాటే బంతులు వీటిలో ఫీల్డర్ చేతిలో పడేవి. రాత్రి దీపాల కింద ఆడే ఆటలు పెరిగి బంతిని చూడటం కష్టమైంది. ఫీల్డర్ల గ్లవ్‌లు పెద్దవయ్యాయి. వేగంగా వస్తూ చివరి క్షణంలో పక్కకు తిరిగే స్లైడర్ చాలామంది పిచ్చర్లకు అలవడింది; గిబ్సన్ ప్రధానాయుధం కూడా అదే. అన్నిటికన్నా తక్కువగా చర్చకు వచ్చిన కారణం మరొకటుంది. 1947లో జాకీ రాబిన్సన్ నల్లజాతివారిని మేజర్ లీగుల్లోకి రానివ్వని వర్ణ గోడను దాటాక రెండు దశాబ్దాల్లో నల్లజాతి, లాటిన్ అమెరికా ప్రతిభ మొత్తం ఆటలోకి వచ్చింది. గిబ్సన్, జెంకిన్స్, డొమినికన్ దేశపు హువాన్ మారిషల్, ఆ ఏడాది 1.60 సగటు సాధించిన క్యూబా పిచ్చర్ లూయీస్ టియాంట్ ముందు తరంలో పుట్టి ఉంటే మేజర్ లీగుల తలుపులు వారికి తెరుచుకునేవే కావు. 1968లో పిచ్చింగ్ అంత గొప్పగా ఉండడానికి దిబ్బ ఎత్తు ఎంత కారణమో, ఆ దిబ్బ ఎక్కే హక్కు అందరికీ దక్కడం కనీసం అంత కారణం.

నియమాల మార్పు ఫలితమిచ్చింది, అందులో సందేహం లేదు. 1969లో బ్యాటింగ్ సగటు 0.248కి, జట్టుకు సగటు పరుగులు 4.07కి పెరిగాయి. అయితే అదే ఏడాది కొత్తగా నాలుగు జట్లు చేరాయి. అందువల్ల అంతకు ముందు కింది లీగుల్లో ఉండాల్సిన పిచ్చర్లు పదుల సంఖ్యలో పైకి వచ్చారు. పెరిగిన పరుగుల్లో దిబ్బ వాటా ఎంత, స్ట్రైక్ జోన్ వాటా ఎంత, బలహీన పిచ్చర్ల వాటా ఎంత అని విడదీయడం సాధ్యం కాదు. పైగా మందు ప్రభావం ఎక్కువ కాలం నిలవలేదు. 1972లో అమెరికన్ లీగ్ సగటు 0.239కి దిగిపోయింది. దాంతో 1973లో ఆ లీగ్ పిచ్చర్ బదులు బ్యాటింగ్‌కు మాత్రమే వచ్చే ‘డెజిగ్నేటెడ్ హిట్టర్’ను తెచ్చింది. నేషనల్ లీగ్ అదే పద్ధతిని శాశ్వతంగా స్వీకరించడానికి 2022 దాకా ఆగింది.

ఎవరి మీద విరుగుడుగా దిబ్బను తగ్గించారని అనుకున్నారో ఆ గిబ్సన్ సంగతి చూస్తే ఈ వాదం ఇంకా స్పష్టమవుతుంది. 10 అంగుళాల దిబ్బ మీంచి 1969లో అతడు 20 ఆటలు గెలిచాడు, సగటు 2.18, మళ్లీ 28 ఆటలను తానే ముగించాడు. 1970లో 23 గెలుపులతో మేటి పిచ్చర్‌కిచ్చే సై యంగ్ అవార్డు రెండోసారి అందుకున్నాడు. మెక్లెయిన్ కూడా 1969లో 24 ఆటలు గెలిచాడు. గొప్ప పిచ్చర్లు అయిదు అంగుళాలు దిగినా గొప్పగానే ఉన్నారు. 1968లో గిబ్సన్ 1.12 సాధించింది దిబ్బ ఎత్తు వల్లేనని తేలిగ్గా కొట్టిపారేసేవారు, అదే దిబ్బ మీద, అదే ఏడాది ఆడిన మిగతా వందల మందిలో ఒక్కరూ దాని దరిదాపులకు ఎందుకు రాలేదో చెప్పాలి. రెండో స్థానంలో ఉన్న టియాంట్‌కూ అతడికీ మధ్య దాదాపు అర పరుగు తేడా ఉంది.

ఆ ఏడాది లేవనెత్తిన ప్రశ్న ఇప్పటికీ మూతపడలేదు. 2022లో మేజర్ లీగ్ బ్యాటింగ్ సగటు 0.243కి పడింది, 1968 తర్వాత అతి తక్కువ. ఈసారి పిచ్చర్లు గంటకు వంద మైళ్ల వేగంతో విసురుతున్నారు, ఒక ఆటకు నలుగురైదుగురు మారుతున్నారు. 2023లో పిచ్చర్ బంతి విసరడానికి గడియారం పెట్టారు, ఫీల్డర్లను ఒక పక్కకే మోహరించే పద్ధతిని నిషేధించారు, బేసుల పరిమాణం పెంచారు. ఆ ఏడాది సగటు 0.248. దిబ్బను తగ్గించిన 1969 సగటు కూడా సరిగ్గా అంతే. అంతకు ముందు 2021లో, స్వతంత్రమైన అట్లాంటిక్ లీగ్‌లో, పిచ్చర్ నిలబడే చోటును ఒక అడుగు వెనక్కి జరిపి 61 అడుగుల 6 అంగుళాల దూరం నుంచి విసిరించి చూశారు. మేజర్ లీగుల్లో మాత్రం ఆ దూరం 1893 నుంచి 60 అడుగుల 6 అంగుళాల దగ్గరే ఉంది.